చోక్ అంటే ఏంటని అడిగాడు మనవడు

ఆవిరిబండి | ఉదయం 5:48

మనవడికి పన్నెండేళ్ళు. నిన్న నా పాత కారులో కూర్చుని డ్యాష్‌బోర్డు కింద ఉన్న నల్ల బొత్తాన్ని అటూ ఇటూ లాగుతూ "తాతా, ఇది దేనికి?" అన్నాడు. చోక్ రా అన్నాను. చోక్ అంటే? ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్‌లోకి వెళ్ళే గాలికి కాస్త అడ్డం పెడుతుంది, దాంతో పెట్రోలు వాటా పెరిగి బండి స్టార్టవుతుంది అని చెప్పాను. వాడు రెండు క్షణాలు ఆలోచించి, "ఇంజను చల్లగా ఉందని బండికే తెలియదా?" అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. తెలియదు మరి. తెలుసుకోవాల్సింది మనమే. ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి తొయ్యాలో చెప్పే దీపం ఏదీ లేదు. ఇంజను వణుకుతూ దగ్గుతుంటే ఇంకాస్త లాగాలి. చప్పుడు బరువుగా మారి వెనక నల్లపొగ వస్తుంటే తోసెయ్యాలి. మర్చిపోయి అలాగే నడిపితే ప్లగ్గులు మసిబారి నడిరోడ్డు మీద పరువు తీస్తాయి.

ఫోర్డ్ మోడల్ టీ సంగతి చూడండి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారయ్యాయి. దాని స్టీరింగ్ చక్రం కింద ఎడమ పక్క మీట స్పార్క్ ఎప్పుడు పడాలో చూస్తుంది, కుడి పక్క మీట పెట్రోలు చూస్తుంది. కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళు. కుడివైపుది బ్రేకు, నడిమిది రివర్సు, ఎడమది గేరు. ఇప్పుడు మనం యాక్సిలరేటర్ తొక్కే చోట దానికి బ్రేకు ఉంటుంది! పైగా దానికి పెట్రోలు పంపే లేదు, ట్యాంకు నుంచి తనంతట తానే కిందికి దిగాలి. నిటారు గుట్ట ఎదురైతే, ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే, బండిని తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్ళు. అంత తిరకాసు బండిని కోటిమంది నేర్చుకున్నారు. వాళ్ళంతా ఇంజనీర్లు కారు, చాలామంది రైతులు.

రైళ్ళలోనూ అంతే. స్టేషన్‌లో బండి ఆగగానే పొడుగు సుత్తి పట్టుకుని చక్రాలను టంగ్ టంగ్‌మని కొట్టుకుంటూ పోయే మనిషి గుర్తున్నాడా? మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్న చక్రం మొద్దుగా పలుకుతుంది. ఆ పని చేసేవాడి చెవి మీద ఆధారపడి వందలమంది నిద్రపోయేవాళ్ళు. బొగ్గు ఇంజన్లలో వేగానికి ప్రపంచ రికార్డు మల్లార్డ్ అనే బ్రిటిష్ ఇంజనుది, 1938 జులై 3న గంటకు 203 కిలోమీటర్లు. దాని మధ్య సిలిండరుకు సంబంధించిన పెద్ద బేరింగ్ డ్రైవరు కంటికి కనిపించని చోట ఉంటుంది. అందుకని సోంపు తైలం నింపిన చిన్న గొట్టాన్ని అందులో పెట్టారు. బేరింగ్ వేడెక్కితే గొట్టం పగిలి సోంపు వాసన వస్తుంది. రికార్డు కొట్టిన పరుగులో ఆ బేరింగ్ నిజంగానే వేడెక్కింది.

ముక్కుతో, చెవితో, అరికాలితో యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండటం అప్పట్లో డ్రైవరు ఒక్కడి పనే కాదు. పెట్టెలో కూర్చున్నవాళ్ళం కూడా చక్రాల చప్పుడు మారగానే తలెత్తేవాళ్ళం. ముక్కూ మొహం తెలియని ఎదుటి మనిషి "ఏదో తేడాగా ఉందే" అనేవాడు. అక్కడ మొదలైన మాట ఎక్కడికో పోయేది. మొన్న రైలెక్కితే పెట్టెలో అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి దూర్చి ఉంది. నా చెవుల్లో కూడా. ఈ తరం చెడిపోయిందని ఏడవటానికి రాయటం లేదు. వినే అలవాటు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు, అదీ నా బాధ.

చోక్ లాగినోడు | ఉదయం 6:20

గురువుగారూ, ఈ పేరు పెట్టుకుని తిరుగుతున్నందుకు ఇన్నాళ్ళకు నాకు గౌరవం దక్కింది 😀

నా వంతు ఒకటి. మండుటెండలో పొడవాటి ఎక్కుడు ఎక్కాక బండి ఆగిపోతే, పెట్రోలు అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. ట్యాంకు నిండా ఉంటుంది. పంపులో, గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరై అడ్డం పడుతుంది. తడిగుడ్డ పంపు మీద వేసి పావుగంట చెట్టుకింద కూర్చోవడమే వైద్యం. కార్బురేటర్ లేని ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఒత్తిడితో తోస్తుంది కాబట్టి ఈ రోగం దాదాపు లేదు. ఆ పావుగంట కూడా లేదు.

పొయ్యిముందోడు | ఉదయం 7:05

ఆవిరిబండి గారూ, బాగా రాశారు. కానీ ఒక్క మాట. నేను కుర్రతనంలో బొగ్గు ఇంజను పొయ్యి మండించే ఫైర్‌మన్‌గా చేసి, తరవాత డీజిలుకు మారినవాణ్ణి. నా కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం. విన్నాం కాబట్టే పోయింది.

మీరు బయటనుంచి విన్న సంగీతం మాకు లోపల ఎలా ఉండేదో చెబుతాను. ముందు పొయ్యి, దాని తలుపు తీస్తే మొహం కాలుతుంది. వెనక చల్లగాలి వీపుకు కొడుతుంది. ఊగే పలక మీద రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, పార నిండా బొగ్గు తీసి, ఏ మూల మంట పలచబడిందో ఆ మూలకే విసరాలి. ఒక్క ప్రయాణంలో టన్నుల కొద్దీ. మంట కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంటే సరిగ్గా కాలుతున్నట్టు. ఎర్రగా, పొగ చుట్టుకుని ఉంటే మనం తప్పు చేస్తున్నట్టు. డ్యూటీ దిగాక కూడా కళ్ళు మూసుకుంటే అదే కనిపించేది.

అన్నిటికన్నా భయం నీళ్ళు. గాజు గొట్టంలో నీటి మట్టం మీద ఎప్పుడూ ఓ కన్నుండాలి. పొయ్యి పైకప్పు మీద నీళ్ళు తగ్గితే ఆ ఇనుము మెత్తబడి కూలిపోతుంది, ఆపైన ఇంజనూ ఉండదు మనమూ ఉండం. అందుకే కప్పులో సీసం నింపిన బిరడా ఒకటి బిగిస్తారు. నీళ్ళు తగ్గితే ముందు సీసం కరిగి ఆవిరి పొయ్యిలోకి బుస్సుమని దూకుతుంది. అదే ఆఖరి హెచ్చరిక. నీళ్ళు తోడే ఇంజెక్టర్‌ను 1858లో జిఫార్ అనే ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టాడు. కదిలే పంపు ఏదీ లేకుండా బాయిలరు ఆవిరితోనే బాయిలరులోకి నీళ్ళు తోస్తుంది. నాకిప్పటికీ అదో మాయలాగే ఉంటుంది. అది సరిగ్గా పట్టుకుంటే సన్నగా పాడుతుంది. ఆ పాట ఇప్పుడు నాకు వినబడదు.

బొగ్గు ఇంజను పోయిందని మీలాంటి వారు బాధపడుతుంటే మనసు బరువెక్కుతుంది. నాకు మాత్రం డీజిలు క్యాబులో మొదటిసారి కుర్చీ మీద కూర్చున్న రోజు గుర్తుంది. కుర్చీ!

ఆవిరిబండి | ఉదయం 7:31

అయ్యా, నోట మాట రాలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినవాడికీ పారపట్టినవాడికీ ఉన్న దూరం నేను రాసినదాంట్లో లేదు. ఒప్పుకుంటున్నాను.

పట్టాలపిల్ల | ఉదయం 9:14

పిల్ల అని పేరు పెట్టుకున్నా నాకూ యాభై దాటాయి. మాస్టారు చెప్పిన "ముక్కూ మొహం తెలియని ఎదుటి మనిషి" దగ్గర నాకో పేచీ ఉంది. పాత రోజుల్లో బండి ఆగిపోతే దారినపోయేవాళ్ళు ఆగి సాయం చేసేవారని అందరూ మురిసిపోతారు. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ఆగిన ప్రతివాడూ సాయానికే ఆగాడా? బానెట్ ఎత్తి నిలబడి, వచ్చేవాడు ఎలాంటివాడో అని చూస్తూ ఉండటం మీకు కబురు, మాకు కాదు. నా ఇప్పటి బండి ఆగదు. ఆగినా ఫోనులో నేనెక్కడున్నానో ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. నాకదే కావాలి.

ఇంకోటి. హ్యాండిల్ తిప్పి బండి స్టార్ట్ చేసే రోజుల్లో ఇంజను ఎదురుతన్నిందంటే మణికట్టు విరిగేది. బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలని, చుట్టి పట్టుకోకూడదని అందుకే నేర్పేవారు. 1912లో కాడిలాక్ కార్లకు కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చాకే "ఇది మగాళ్ళ పని" అనే మాటకు బలం తగ్గింది. సౌకర్యం అని తేలిగ్గా తీసేస్తాం కానీ కొందరికి అది తలుపు.

అసలు కారులో మొదటి దూరప్రయాణం చేసిందే ఆడది. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న పేటెంటు కోసం దరఖాస్తు చేసి, కొనేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఆయనకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైన నడిపించేసింది. ఇంధనం గొట్టంలో నలక అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లోహ్‌లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే పెట్రోలులాంటి ద్రావకం కొన్నది. ఎక్కుడు వస్తే పిల్లలు దిగి తోశారు. ఇంటికొచ్చి, ఎక్కుళ్ళకు ఇంకో గేరు కావాలని మొగుడికి చెప్పింది. నా లెక్కలో ప్రపంచంలో మొదటి రోడ్డు టెస్టు రిపోర్టు అదే.

చోక్ లాగినోడు | ఉదయం 9:22

ఆ గేరు సంగతి నాకు తెలియదు. టోపీ తీశాను. పిన్ను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి 😀

బ్యాటరీ బుజ్జి | ఉదయం 11:40

నేను ఎలక్ట్రిక్ బండ్ల మోటార్ కంట్రోలర్లు చేసే చోట పనిచేస్తాను. తాతగారి మనవడి ప్రశ్నే నా ఉద్యోగం. బండికే తెలియాలి.

వినే అలవాటు పోలేదండీ, చోటు మారింది. పట్టాల పక్కన పరారుణ కిరణాలతో కొలిచే సెన్సార్లుంటాయి, దాటే ప్రతి ఇరుసు పెట్టె వేడిని చూస్తాయి. ఇంకొన్ని చోట్ల మైకులు పెట్టి బేరింగుల చప్పుడు రికార్డు చేసి, పాడవబోయేదాన్ని ముందే పట్టుకుంటారు. మీ సోంపు తైలం పనే ఇది, వాసన లేదంతే. 1964 అక్టోబరులో మొదలైన జపాన్ షింకాన్‌సెన్ బుల్లెట్ రైళ్ళలో ఢీకొనడం వల్లగానీ పట్టాలు తప్పడం వల్లగానీ ఇంతవరకు ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. సుత్తి పట్టుకున్న ఒక మనిషి చెవి మీద నేను ఆ భారం వెయ్యను. ఆ రోజు అతనికి జలుబు చేసి ఉంటే?

పాత పెట్రోలు వాసన గురించి కవిత్వం చెప్పేవాళ్ళకు కూడా ఓ మాట. ఇంజను కొట్టుకోకుండా ఉండాలని పెట్రోలులో సీసం కలపొచ్చని 1921లో మిడ్‌గ్లీ అనే అమెరికా ఇంజనీరు కనిపెట్టాడు. సీసం విషమని అప్పటికే తెలుసు. అయినా ఆఖరి దేశం అల్జీరియా బంకుల్లోంచి అది పోయేసరికి 2021 వచ్చింది. నూరేళ్ళు! పిల్లల మెదళ్ళమీద దాని దెబ్బ ఎంతో వైద్యులు చెబుతూనే ఉన్నారు.

మరో సంగతి, ఎలక్ట్రిక్ బండి నిన్న మొన్నటిది కాదు. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్‌దే. 1899లో జెనాట్సీ అనే బెల్జియన్ నడిపాడు, తూటా ఆకారంలో ఉంటుంది. కొత్తదని నన్ను తిట్టకండి, నేనూ పాతకాపునే.

ఆవిరిబండి | మధ్యాహ్నం 12:55

బుజ్జీ, సీసం సంగతి చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను. మా మనవడి నాన్న చంటివాడుగా ఉన్నప్పుడు చంకన వేసుకుని, ఐడిలింగ్ సరిచేస్తూ, ఎగ్జాస్టు వెనక నిలబడి చప్పుడు వినేవాణ్ణి. "విను, నాలుగు సిలిండర్లూ సమంగా కొడుతున్నాయి" అని వాడికి చెప్పేవాణ్ణి. ఆ వాసన నాకిప్పటికీ ఇష్టమే. ఏం చెయ్యను.

మైకుల గురించి నువ్వు చెప్పింది నిజమే, నాకు తెలియనిది కూడా. కానీ నా పేచీ ఇంకా ఉంది. మా ఇంట్లో కొత్త బండి కూడా ఉంది. దాన్లో ఓ దీపం వెలిగింది. వర్క్‌షాపుకు తీసుకెళ్తే ల్యాప్‌టాప్ తగిలించి ఆర్పి పంపారు. ఏమైందంటే "కోడ్ వచ్చింది, తీసేశాం" అన్నారు. వారానికి మళ్ళీ. మూడోసారి నేనే బానెట్ ఎత్తి టార్చి వేస్తే, బ్రాకెట్టుకు ఒరుసుకుని ఒక తీగ తొక్క ఊడి ఉంది. బండికి తెలుసు. ల్యాప్‌టాప్‌కు తెలుసు. నాకే ఎవరూ చెప్పలేదు. విన్నది నాదాకా రాకపోతే అది వినడమెలా అవుతుంది?

పట్టాలపిల్ల గారూ, మీకు జవాబు లేదు నా దగ్గర. నేను ఆగి సాయం చేసిన సందర్భాలే లెక్కపెట్టుకున్నాను ఇన్నాళ్ళూ. అవతలివాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో ఆలోచించలేదు.

బ్యాటరీ బుజ్జి | మధ్యాహ్నం 1:10

తీగ సంగతిలో మీదే న్యాయం. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం డయాగ్నస్టిక్ సాకెట్ ఉండాలని నిబంధన పెట్టింది పొగ నియంత్రణ కోసం. దానివల్ల ఓ మేలు జరిగింది. బయటివాళ్ళు కూడా చిన్న రీడరు తగిలించి కోడ్ చదువుకోవచ్చు. మీ బండికి స్టీరింగ్ కింద చూడండి, చాలావరకు ఉంటుంది. రీడరు మనవడి చేతికివ్వండి. కోడ్ జబ్బు పేరు చెప్పదు, నొప్పి ఎక్కడో చెబుతుందంతే. మిగతాది మీ టార్చే.

సైడింగులో ఉన్నా | మధ్యాహ్నం 2:30

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను. కాలం మారిపోయిందంటున్నారు కదా, రైలు అక్షరాలా కాలాన్ని మార్చింది. రైలు రాకముందు ప్రతి ఊరికీ తన సూర్యుడే గడియారం. ఇంగ్లండులో బ్రిస్టల్ సమయం లండన్ కన్నా 10 నిమిషాలు వెనక. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1840లో తన లైనంతా లండన్ సమయమే పెట్టింది. బ్రిస్టల్ జనం ఒప్పుకోక, కార్న్ ఎక్స్ఛేంజ్ అనే ధాన్యం మార్కెట్ భవనం గడియారానికి రెండు నిమిషాల ముళ్ళు పెట్టించారు, ఒకటి మాది ఒకటి రైలుది అని. ఇప్పటికీ ఉన్నాయట్లాగే. అమెరికాలోనైతే 1883 నవంబరు 18న రైల్వేలు కొత్త సమయాలకు మారినప్పుడు కొన్ని ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండు రెండుసార్లు కొట్టింది. ఆ రోజు కూడా ఎవరో పెద్దాయన అరుగుమీద కూర్చుని "పాడు రైళ్ళొచ్చి మన మధ్యాహ్నాన్ని కూడా ఎత్తుకుపోయాయి" అని గొణిగే ఉంటాడు.

చోక్ లాగినోడు | మధ్యాహ్నం 2:41

ఆయన పేరు ఆవిరిబండి అయ్యుంటుంది 😀

ఆవిరిబండి | మధ్యాహ్నం 2:44

ఒరేయ్.

పొయ్యిముందోడు | సాయంత్రం 4:18

పొద్దున కటువుగా రాశానేమో. బొగ్గు ఇంజను మీద నాకు ప్రేమ లేదని కాదు. వేల్స్‌లో టాలిలిన్ అనే చిన్న లైను మూతపడబోతుంటే 1951లో జీతం లేని స్వచ్ఛందులు పూనుకుని నడిపారు, ఇవాళ్టికీ నడుస్తోంది. ఇష్టంతో పారపట్టడం వేరు, కడుపు కోసం పట్టడం వేరు. రెండూ బరువే అనుకోండి.

ఇంకో సంగతి, బుజ్జి లాంటి పిల్లలు వినాలి. బ్రిటన్‌లో పెపర్‌కార్న్ ఏ1 రకం ఇంజన్లు 49 ఉండేవి, ఒక్కటీ మిగల్చకుండా తుక్కు కింద కోశారు. కొందరు 1990లో పూనుకుని, 2008కి యాభయ్యోదాన్ని మొదటినుంచీ కొత్తగా కట్టారు. పేరు టోర్నాడో. దాని బాయిలరు జర్మనీలో మైనింగెన్‌లో చేయించాల్సి వచ్చింది. ఆవిరి రైలు పుట్టిన దేశంలోనే అంత బాయిలరు చేసే చోటు లేకపోయింది. బొమ్మలు కాగితాల మీద భద్రంగానే ఉంటాయి. చేతులే ఉండవు.

సరే, ఆవిరిబండి గారి మనవడికి నా తరఫున ఓ పని. పట్టాల అతుకుల మీద బండి వేగం లెక్కకట్టడం నేర్పండి. పట్టా పొడవు మీటర్లలో ఎంతో దాన్ని 3.6తో గుణించాలి. అన్ని సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే, గంటకు అన్ని కిలోమీటర్లు. 13 మీటర్ల పట్టాలైతే 47 సెకన్లు, 25 మీటర్లవైతే 90. చక్రాలమీద కూర్చోవాలి, పెట్టె మధ్యలో కాదు. అతుకు మీద ముందు చక్రం, వెనక చక్రం కలిసి డడక్ అంటాయి, ఆ జంట ఒక్కటే లెక్క. పక్కపెట్టెది కలుపుకుంటే తప్పిపోతారు. చెవులు అక్కర్లేదు, చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించండి. నేనిప్పటికీ అలాగే చూస్తాను.

పట్టాలపిల్ల | సాయంత్రం 4:50

పెద్ద లైన్లలో ఇప్పుడు పట్టాలన్నీ వెల్డు చేసి కిలోమీటర్ల కొద్దీ ఒకే ముక్క చేశారు కదా, అతుకులెక్కడివి? బ్రాంచి లైను ఎక్కాలి. లేదా యార్డుల దగ్గర.

పొయ్యిముందోడు | సాయంత్రం 5:02

అవునమ్మా. అతుకుల దగ్గర పట్టా చివర్లు నలిగిపోయేవి, బోల్టులు వదులయ్యేవి, గ్యాంగుమన్లు రోజూ నడిచి బిగించేవారు. వెల్డు చేశాక వాళ్ళ నడుములు బతికాయి. డడక్ పోయింది. బ్రాంచి లైనే దిక్కు.

ఆవిరిబండి | మర్నాడు, రాత్రి 8:37

వెళ్ళొచ్చాం. మెయిన్ లైను మీద అరగంట పాటు మనవడు చెప్పులు విప్పి కూర్చుని "ఏం రావట్లేదు తాతా" అంటూనే ఉన్నాడు. ఎదురు సీటు కుర్రాడు చెవుల్లోవి తీసి ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పాను. అతనూ బూట్లు విప్పాడు. ఇంతకీ అతను ఆడిటరట. దిగేలోపల వాళ్ళ నాన్నగారి స్కూటరు కథంతా చెప్పాడు.

బ్రాంచి లైనులోకి మారాక దొరికింది డడక్. 13 మీటర్ల పట్టాలే. కుర్రాడు వాచీ పట్టుకున్నాడు, మనవడు లెక్కపెట్టాడు, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 47 సెకన్లకు 62. ఫోనులో చూస్తే 61. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ వీడిది ఒకటి ఎక్కువే. ఫోను తప్పని వీడి వాదన.

పొయ్యిముందోడు | రాత్రి 8:52

వాచీ నొక్కినప్పటి చప్పుడుకు వాడు "ఒకటి" అన్నాడా?

ఆవిరిబండి | రాత్రి 8:58

అవునట.

పొయ్యిముందోడు | రాత్రి 9:01

దానికి "సున్నా" అనాలి.

ఆవిరిబండి | రాత్రి 9:06

చెప్పాను. లేచి మళ్ళీ చెప్పులు వెతుకుతున్నాడు. రేపు తొలిబండి ఆరింటికి.